ఒకే ఫ్రాంకును ముగ్గురు లెక్కపెడుతున్నారు

పేరు వేయవద్దని కోరుతూ స్విట్జర్లాండ్ నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. నాలుగు పేజీలుంది, దానికి తోడు పదకొండు బిల్లుల ఫోటోలు. మొత్తం వేయడానికి చోటు చాలదు కనుక సంగతి క్లుప్తంగా చెబుతాను.

ఆమెది తెనాలి దగ్గర పల్లె. వయసు 37. పెళ్లికి ముందు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. ఎనిమిదేళ్లుగా జ్యూరిక్ పక్కన వింటర్‌తూర్‌లో ఉంటున్నారు. భర్త ఇంజినీరు, యంత్రాలు తయారుచేసి బయటి దేశాలకు అమ్మే కంపెనీలో ఉద్యోగం. పాపకి తొమ్మిదేళ్లు, బాబుకి ఐదు. ఇంటి అద్దె 2,250 ఫ్రాంకులు, ఈ ఇంట్లోకి 2024 వేసవిలో మారారు. మంగళగిరి దగ్గర ఒక ఫ్లాట్ కొన్నారు, దానికి నెలకు 66,000 రూపాయల ఈఎంఐ.

"ఫ్రాంకు బలపడింది, బలపడింది అని మా ఇంట్లో ఒకటే మాట. మావారు లేవగానే ఫోన్లో యూరో ఎంత, రూపాయి ఎంత అని చూస్తారు. పళ్లు తోముకోవడం ఆ తర్వాతే. ప్రతి శనివారం ఎనిమిదింటికల్లా పిల్లల్ని లేపి కారెక్కించి సరిహద్దు దాటి జర్మనీలో ఉన్న కోన్‌స్టాంజ్‌కి తీసుకెళ్తారు. వారం సరుకులన్నీ అక్కడే. ఒక్క ట్రిప్పుకి 65 ఫ్రాంకులు మిగులుతాయంటారు. పిల్లలకి శనివారం అంటే ఏడుపు. నాకు కూడా.

మొన్న బాబు అడిగాడని ఇక్కడి కొట్లోనే బెండకాయలు కొన్నాను. పావుకిలో నాలుగున్నర ఫ్రాంకులు. రసీదు చెత్తబుట్టలో వేస్తే కనబడుతుందని ముక్కలు చేసి బాల్కనీలో కొత్తిమీర కుండీలో మట్టి కింద పెట్టాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాలుగున్నర ఫ్రాంకులకి దొంగనయ్యానా అనిపించింది."

ఇది ఒక వైపు. ఇండియాలో ఉన్న మరిది ఇంకో వైపు. ఏడాది కిందట ఫ్రాంకుకి 95 రూపాయలు వచ్చేవి, ఇప్పుడు 110 వస్తున్నాయి కదా, ఈఎంఐలో మిగిలే పదివేలు నెలనెలా నాకు పంపితే పక్క షాపు కూడా అద్దెకు తీసుకుంటాను అంటున్నాడట. అత్తగారు కూడా "మీకేం పోయింది, వాడేమైనా మీ డబ్బులు అడుగుతున్నాడా, పెరిగిన డబ్బులే కదా" అన్నారట. భర్త ఔననీ అనలేదు, కాదనీ అనలేదు.

మూడో సంగతి ఉత్తరం చివర్లో రెండే వాక్యాల్లో ఉంది. భర్త కంపెనీలో ఆర్డర్లు తగ్గి వారానికి ఒకరోజు పని తగ్గించారు. శుక్రవారాలు ఆయన ఇంట్లోనే ఉంటున్నారు.

ఆమె అడిగినవి ఇవి: ఫ్రాంకు ఇంత బలపడితే ఇక్కడి కొట్లలో ధరలు తగ్గాలి కదా, ఎందుకు తగ్గడం లేదు? అసలు మేం లాభంలో ఉన్నామా, నష్టంలో ఉన్నామా? శనివారం రానంటే తప్పా? మరిదికి ఏం చెప్పాలి?

అమ్మా, కుండీలో పాతిపెట్టిన రసీదు దగ్గరే మొదలుపెట్టాలనిపించింది గానీ దాన్ని కాసేపు పక్కన పెడతాను. ముందు లెక్క తేలాలి. లెక్క తేలకుండా దాని జోలికి వెళ్తే అది మొగుడూపెళ్లాల తగువుగానే మిగిలిపోతుంది. నా ఉద్దేశంలో అది తగువు కాదు.

మీ మొదటి ప్రశ్న న్యాయమైనదే. 2007లో ఒక యూరో కొనాలంటే 1.65 ఫ్రాంకులు పెట్టాల్సి వచ్చేది. 2025 చివరికి 93 రాపెన్లే చాలు (వంద రాపెన్లు ఒక ఫ్రాంకు). మరి ఆ లెక్కన ఇటలీ నుంచి, స్పెయిన్ నుంచి వచ్చే సరుకంతా సగం ధరకి రావాలి కదా? రాదు. ఎందుకు రాదో ఒక టమాటా డబ్బా పట్టుకుని చూద్దాం. ఇటలీ నుంచి వచ్చిన డబ్బా మీ వీధి కొట్లో 1.80 అనుకోండి. అందులో సరిహద్దు దాటి వచ్చిన సరుకు ఖరీదు 70 రాపెన్లు అనుకుందాం. మిగతా 1.10 ఎక్కడిది? దాన్ని లారీలో తెచ్చిన డ్రైవరు జీతం, గోడౌను అద్దె, అర సర్దిన అమ్మాయి జీతం, కౌంటరు దగ్గర కూర్చున్నామె జీతం, కొట్టువాడి లాభం. అవన్నీ ఫ్రాంకుల్లోనే, అవన్నీ స్విస్ రేట్లలోనే. ఫ్రాంకు పదిశాతం బలపడితే ఆ 70లో 7 రాపెన్లు తగ్గుతాయి. మిగతా రూపాయి పదికి (అలవాటు కొద్దీ రూపాయి అనేశాను, ఫ్రాంకు పదికి) ఏమీ కాదు. అంటే ఫ్రాంకు పదిశాతం పెరిగినా, కొట్టువాడు ఎంత ధర్మాత్ముడైనా, మీ డబ్బా నాలుగు శాతమే తగ్గుతుంది. 1.80 కాస్తా 1.73 అవుతుంది. ఆ ఏడు రాపెన్లు మీ కంట పడతాయా?

పడవు. పైగా ఆ ఏడు కూడా వెంటనే రావు. పాత రేటుకి కొన్న సరుకు గోడౌన్లో ఉంటుంది. కొందరు దిగుమతిదారులు ఆర్నెల్ల ముందే ఒక రేటు ఖాయం చేసుకుని ఉంటారు. బిల్లు యూరోల్లో వచ్చే సరుకు త్వరగా తగ్గుతుంది, ఫ్రాంకుల్లోనే బిల్లు వేసి పంపే సరుకు మెల్లగా తగ్గుతుంది. ఇక పేరున్న బ్రాండ్ల సంగతి వేరు. స్విట్జర్లాండ్ వాళ్లు ఇస్తారు కనుక తీసుకుంటాం అన్న పద్ధతి అక్కడ ఎప్పటినుంచో ఉంది. జర్మన్ పత్రిక ఏదైనా తీసి అట్ట చూడండి, యూరో ధర, దాని పక్కనే స్విస్ ధర అచ్చై ఉంటాయి. రెండూ చూసి ఒళ్లు మండని స్విస్ మనిషి ఉండడు. ఇందుకే ధరల మీద కన్నేసి ఉంచడానికి ప్రభుత్వం రాజధాని బెర్న్‌లో ఒక అధికారినే పెట్టింది, ఎవరైనా ఫిర్యాదు రాయొచ్చు.

పాలు, మాంసం అయితే అసలు ఆశ పెట్టుకోవద్దు. తమ రైతుల్ని కాపాడుకోవడానికి సరిహద్దు దగ్గర పెద్ద సుంకం గోడ కట్టారు, దాన్ని దాటి యూరో చౌక లోపలికి రాదు.

అలాగని కొట్లు అసలు తగ్గించవని కాదు. 2015 జనవరి 15న ఏం జరిగిందో మీవారికి తెలిసే ఉంటుంది, ఆ రంగంలో ఉన్నవాళ్లెవరూ మరిచిపోరు. అప్పటిదాకా మూడేళ్లకు పైగా స్విస్ నేషనల్ బ్యాంకు (మన రిజర్వు బ్యాంకు లాంటిది) ఒక యూరోకి 1.20 ఫ్రాంకులకన్నా కిందికి రేటు పోకుండా పట్టి ఉంచింది. ఆ గురువారం పొద్దున పదిన్నరకి ఆ పట్టు వదిలేస్తున్నామని ప్రకటించింది. నిమిషాల్లో ఫ్రాంకు ఎగిరి యూరోతో సమానమైపోయింది. అప్పుడు మిగ్రో, కోప్ లాంటి పెద్ద కొట్లు రోజుల్లోనే దిగుమతి పళ్లూ కూరగాయలతో మొదలుపెట్టి చాలా సరుకుల ధరలు దించాయి. కార్లు అమ్మేవాళ్లు 'యూరో బోనస్' అని తగ్గింపులు పెట్టారు. ఆ ఏడాది స్విట్జర్లాండ్‌లో ధరలు సగటున 1.1 శాతం తగ్గాయి. గమనించండి, కరెన్సీ ఒక్కరోజులో అంత ఎగిరినా ఇంటి ఖర్చు మొత్తంగా తగ్గింది 1.1 శాతమే. అదీ జనం సరిహద్దు దాటి పోతున్నారన్న భయం కొట్లకి పట్టుకున్నప్పుడు.

మీకు కనబడని లాభం ఇంకొకటుంది. అది తగ్గిన ధరల్లో ఉండదు, పెరగకుండా ఆగిన ధరల్లో ఉంటుంది. 2022లో ప్రపంచమంతా ధరలు మండిపోయినప్పుడు యూరో దేశాల్లో ద్రవ్యోల్బణం అక్టోబరులో 10.6 శాతానికి వెళ్లింది. స్విట్జర్లాండ్‌లో అది ఎంత పెరిగినా ఆగస్టులో 3.5 దగ్గర ఆగింది. ఫ్రాంకు బలం అక్కడ గొడుగులా పనిచేసింది. 2025 మొత్తానికి ధరల పెరుగుదల సగటున 0.2 శాతమే. గొడుగు కింద ఉన్నవాడికి తడవలేదన్న సంగతి తెలుస్తుంది గానీ, ఎంత వాన పడిందో తెలియదు.

"అలాగైతే నాకు ప్రతి ఏడూ ఖర్చు ఎందుకు పెరుగుతోంది" అని మీరు అడుగుతారు. దానికి జవాబు మీ ఇంట్లో ఉత్తరాల సొరుగులో ఉంటుంది: ఆరోగ్య బీమా ప్రీమియం. 2025కి దేశమంతటా సగటున 6 శాతం పెంచారు, 2026కి ఇంకో 4.4. తమాషా ఏమిటంటే ఆ ప్రీమియం ధరల సూచీలో కలవదు. కాబట్టి పేపర్లో 0.2 అని వస్తుంది, మీ ఖాతాలోంచి మాత్రం నలుగురి ప్రీమియం పోతుంది. డాక్టరు జీతానికీ ఆస్పత్రి గదికీ యూరోతో పనేముంది?

సరే, ఇక అసలు విషయానికొస్తాను. మీరు ఉత్తరం చివర్లో, ఏదో మరిచిపోయినట్టు రాసిన ఆ రెండు వాక్యాలు.

ఫ్రాంకు ఎందుకు బలపడుతుంది? ప్రపంచంలో ఎక్కడ భయం పుట్టినా డబ్బున్నవాళ్లు బంగారానికి పరిగెత్తినట్టే ఫ్రాంకు దగ్గరికి పరిగెత్తుతారు. అంటే బయట పరిస్థితి బాగోలేనప్పుడే మీ ఫ్రాంకు బాగుంటుంది. అదే సమయంలో యంత్రం కొనాల్సిన జర్మన్ కంపెనీకి, అమెరికా కంపెనీకి ఆ యంత్రం ఖరీదు పెరుగుతుంది. ఆర్డరు వాయిదా పడుతుంది. దానిమీద 2025 ఆగస్టులో అమెరికా స్విస్ సరుకు మీద 39 శాతం సుంకం వేసింది. నవంబరులో దాన్ని 15కి దించే ఒప్పందం కుదిరింది గానీ ఆ మధ్యలో పోయిన ఆర్డర్లు తిరిగి వస్తాయని ఎవరు చెప్పగలరు? మీరు ఫిజిక్స్ చెప్పినవారు, నేను చెప్పేది మీకు ఇట్టే అర్థమవుతుంది. ఇది ఒకే మీట. ఒక చివర మీ సంచి, ఇంకో చివర మీవారి జీతం. మీవారు రోజూ పొద్దున ఫోన్లో చూసేది ఈ చివర ఎంత లేచిందని. ఆ చివర ఎంత కుంగిందో చూడటం లేదు, లేదా చూసి మీకు చెప్పడం లేదు. నాకు రెండోదే నిజమనిపిస్తోంది.

వారానికి ఒకరోజు పని తగ్గిస్తే, అక్కడి కుర్జ్‌ఆర్బైట్ పద్ధతిలో, పోయిన ఆ రోజు జీతంలో 80 శాతం ప్రభుత్వ బీమా నుంచి వస్తుంది. అంటే మొత్తం జీతంలో 4 శాతం పోతుంది. జీతం ఎంతో మీరు రాయలేదు. నెలకు 8,500 అనుకుంటే 340 ఫ్రాంకులు. ఇప్పుడు లాభాల వైపు చూడండి. 66,000 ఈఎంఐకి 95 రేటు ఉన్నప్పుడు 695 ఫ్రాంకులు పంపేవారు, 110 రేటుకి 600 చాలు. మిగిలింది 95. కోన్‌స్టాంజ్ సంగతి కింద లెక్క వేశాను, నిజంగా మిగిలేది నెలకు వంద. రెండూ కలిపి 195. ఫ్రాంకు ఒక చేత్తో 195 పెట్టి ఇంకో చేత్తో 340 తీసుకుపోతోంది. లాభమా నష్టమా అని అడిగారు కదా, ఈ నెలలకైతే ఇదీ జవాబు. జీతం అంకె నా ఊహ, మీ అసలు అంకె పెట్టి ఒకసారి చూసుకోండి.

గొడవంతా ఎక్కడుందంటే, ఈ ఒక్క ఫ్రాంకునే మీవారు కోన్‌స్టాంజ్‌లో యూరోగా లెక్కపెడుతున్నారు, మరిది తెనాలిలో రూపాయిగా లెక్కపెడుతున్నాడు, మీరు వింటర్‌తూర్ కొట్లో ఫ్రాంకుగానే లెక్కపెడుతున్నారు. ముగ్గురి లెక్కా తప్పు కాదు. కానీ ఉన్నది ఒకే ఫ్రాంకు. అది అద్దెకి పోతే యూరోగా మారదు, యూరోగా మారితే రూపాయిగా మారదు. నూటపది రూపాయల మనిషిని అని మరిది అనుకుంటున్న మీరే, బెండకాయల దగ్గర నాలుగున్నర ఫ్రాంకులిచ్చే మనిషి. నాలుగున్నరని 110తో గుణిస్తే పావుకిలో బెండకాయలు 495 రూపాయలు. ఈ ఒక్క గుణకారం అత్తగారికి ఫోన్లో చెప్పి చూడండి, ఉపన్యాసం అక్కర్లేదు.

ఇప్పుడు శనివారం. మీరు పంపిన బిల్లులు ఓపిగ్గా చూశాను (నాకూ తగ్గింపు అంటే చెయ్యి ఆగదు, కాబట్టి ఇది వెక్కిరింపు కాదు). సగటున 150 యూరోలు, అంటే 140 ఫ్రాంకులు. అవే సరుకులు ఇక్కడ కొంటే 205 అవుతుందని మీరు పక్కన పెన్సిలుతో రాశారు. 65 మిగులు, మీవారి మాట నిజమే. అందులోంచి రానూపోనూ సుమారు వంద కిలోమీటర్లకి పెట్రోలు 12 తీసేయండి. పార్కింగు 7. పిల్లలకి ఐస్‌క్రీము, మధ్యాహ్నం బయట తిండి 22. మిగిలింది 24. కారు అరుగుదల వేయలేదు. అక్కరలేని కొనుగోళ్లూ వేయలేదు. మూడు వరస బిల్లుల్లో కలిపి పదకొండు టూత్‌పేస్టులు ఉన్నాయి. నలుగురున్న ఇంట్లో! చారాణా కోడికి బారాణా మసాలా అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఇందులో మీకు రావలసిన డబ్బు ఒకటి మిగిలిపోయింది. యూరోపియన్ యూనియన్‌కి బయట ఉండేవాళ్లకి జర్మన్ వ్యాట్ తిరిగిస్తారు, తిండి సరుకు మీద 7 శాతం, సబ్బులూ పేస్టుల లాంటివాటి మీద 19. బిల్లు 50 యూరోలు దాటాలి. ఆకుపచ్చ కాగితం తీసుకుని జర్మన్ కస్టమ్స్ దగ్గర స్టాంపు వేయించి మళ్లీ ఆ కొట్టులోనే ఇవ్వాలి. మీ పొడుల డబ్బాలో రబ్బరు బ్యాండు వేసి పద్నాలుగు కాగితాలున్నాయని రాశారు. ఒక్కోటి పది యూరోలు వేసుకున్నా 140. మీరు మూడు శనివారాలు తిరిగి మిగుల్చుకున్నదానికన్నా ఎక్కువ ఆ డబ్బాలో ఉంది. అయితే ఆ పద్ధతిలో ఒక కిటుకుంది, చూశారా? డబ్బు తిరిగి కావాలంటే మళ్లీ అదే కొట్టుకి పోవాలి. పోతే ఖాళీ చేతుల్తో ఎవరు వస్తారు?

ఒక బిల్లు చూసి మాత్రం నాకు భయం వేసింది. మీవారు ఒక్కరే వెళ్లిన రోజుది, 230 యూరోలు. స్విస్ కస్టమ్స్ 2025 జనవరి నుంచి మనిషికి రోజుకి 300 ఫ్రాంకులుగా ఉన్న పరిమితిని 150కి తగ్గించింది. జర్మన్ వ్యాట్ తీసేసి చూసినా ఆ బిల్లు 150 దాటింది. దాటితే పైన ఉన్నదానికే కాదు, మొత్తం సరుకుకి స్విస్ పన్ను పడుతుంది, తిండికి 2.6 శాతం, మిగతావాటికి 8.1. మొత్తం కలిపి పది ఫ్రాంకుల దగ్గర అయ్యేది. "డిక్లేర్ చేయలేదు, ఎవరూ ఆపలేదు" అని మీరు రాశారు. పది ఫ్రాంకుల కోసం నివాస పర్మిట్ మీద ఉన్న మనిషి కస్టమ్స్ జరిమానా నెత్తిన పెట్టుకోవచ్చా? దీని గురించి మాత్రం నేను మెత్తగా చెప్పను. ఫోన్లో కస్టమ్స్ వాళ్ల యాప్ ఉంది, సరిహద్దు దాటకముందే కట్టేయొచ్చు. మాంసం మనిషికి రోజుకి కిలో దాటితే ఆ సుంకం వేరే, అది చాలా ఎక్కువ.

మీ ముందు మూడు దార్లున్నాయి. ఇప్పటిలాగే ప్రతి వారం వెళ్లొచ్చు. నెలకు వంద మిగులుతుంది, నాలుగు శనివారాలు పోతాయి, పిల్లలు పెద్దయ్యాక కోన్‌స్టాంజ్ పేరెత్తితే పారిపోతారు. పూర్తిగా మానేయొచ్చు. అప్పుడు నెలకు ఆ వంద దాకా ఖర్చు పెరగొచ్చు, జీతం కోత ఉన్న ఈ సమయంలో అది మీవారిని ఇంకా కంగారు పెడుతుంది. మీరు గెలిచినట్టు, ఆయన ఓడినట్టు ఉంటుంది. మధ్యేమార్గం, ఐదారు వారాలకొకసారి వెళ్లడం. సబ్బులు, డిటర్జెంటు, పేస్టులు, నూనె లాంటి నిలవ ఉండేవి ఒక్కసారే. నూనె తప్పిస్తే, వ్యాట్ ఎక్కువ తిరిగొచ్చేది వాటిమీదే. పాత ఆకుపచ్చ కాగితాలు అప్పుడే ఇచ్చేయండి. వారపు కూరగాయలు, పాలు ఇక్కడే. స్విట్జర్లాండ్‌లోనూ చవక ధరల జర్మన్ కొట్లు ఉన్నాయి, ఆల్డీ 2005 నుంచీ, లిడ్ల్ 2009 నుంచీ. మీ పెన్సిలు లెక్కలో 205 అన్నది వీధి చివర పెద్ద కొట్టు ధర. అక్కడ వేసి చూస్తే ఆ 65 తేడా అంత ఉండదని నా అనుమానం. ఇంకో మార్పు కూడా ఆలోచించండి. మీవారు శుక్రవారం ఇంట్లోనే ఉంటున్నారు కదా. పిల్లలిద్దరూ బడికి వెళ్లాక ఆయన ఒక్కరే వెళ్లి, 150 పరిమితి చూసుకుని, మధ్యాహ్నానికి వచ్చేస్తే మీ అందరి శనివారం మీకు తిరిగి వస్తుంది. శుక్రవారం రద్దీ కూడా తక్కువ. నష్టమేమిటంటే నలుగురూ వెళ్తే 600 దాకా తేవచ్చు, ఒక్కరికి 150తోనే సరి.

కోన్‌స్టాంజ్‌కన్నా పెద్ద లాభం ఒకటి మీరిద్దరూ చూడలేదు. కారు తీయక్కర్లేదు, ఒక్క ఉత్తరం చాలు. ఫ్రాంకు బలంగా ఉండి ధరలు పెరగకపోవడంతో నేషనల్ బ్యాంకు వడ్డీ రేటుని 2025 జూన్‌లో సున్నాకి దించింది. ఇళ్ల అద్దెలు ముడిపడి ఉండే రిఫరెన్స్ వడ్డీ రేటు కూడా దిగింది. మీరు ఇల్లు తీసుకున్న 2024 వేసవిలో అది 1.75. 2025 మార్చిలో 1.5 అయింది, సెప్టెంబరులో 1.25. ప్రతి పావు శాతం దిగుడుకీ అద్దె 2.91 శాతం తగ్గించమని అడిగే హక్కు అద్దెకున్నవారికి ఉంది. రెండు మెట్లకి మీ 2,250 మీద 127 ఫ్రాంకుల దాకా. ఆ 2,250లో హీటింగు లాంటివి కలిసి ఉంటే కాస్త తక్కువ, ఎందుకంటే లెక్క అసలు అద్దె మీదే. ఇంటి ఓనరు ద్రవ్యోల్బణంలో 40 శాతం, నిర్వహణ ఖర్చులు తీసేసి లెక్క వేస్తాడు కాబట్టి చేతికి వంద దగ్గర రావచ్చు. నెలనెలా. ఓనర్లు చాలామంది తమంతట తాము తగ్గించరు, అడిగినవాళ్లకే తగ్గిస్తారు. అగ్రిమెంటు తీసి అందులో ఏ రేటు రాసుందో, అద్దె ధరల సూచీకి ముడిపెట్టినదేమో చూడండి. సూచీకి ముడిపెట్టినదైతే ఇది వర్తించదు. కాకపోతే రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోయినా, కాదన్నా, అద్దె తగాదాలు చూసే మధ్యవర్తి కార్యాలయం ఉంది. ఓనరుకి కోపం వస్తుందని కొందరు మనవాళ్లు వెనకాడతారు. అది మీ ఇష్టం, కానీ ఆ భయం ఖరీదు ఏడాదికి పన్నెండు వందలు.

మరిది సంగతి. ఆ 95 ఫ్రాంకులు నిజంగా మిగులుతున్నాయి కనుక 'మా దగ్గర లేవు' అనొద్దు, అబద్ధం నిలబడదు. నెలనెలా పదివేలు పంపుతామంటే ఏమవుతుందో ఊహించండి. అతను షాపు అద్దె అగ్రిమెంటు దానిమీద రాసుకుంటాడు. రేపు రేటు మళ్లీ 98కి వచ్చినా, మీవారికి ఇంకో రోజు పని తగ్గినా, అక్కడ పదివేలు పదివేలే. అప్పుడు ఆపితే 'నమ్మించి ముంచారు' అనే మాట పడతారు. రేటు ఎవరి చేతిలోనూ లేదు, దాని మీద నెలవారీ మాట ఇవ్వడం ఇసుక మీద పునాది తీయడం. ఒకేసారి, తిరిగి అడగనని మనసులో అనుకుని, ఇంత అని ఇచ్చేయడం ఇంకో దారి. యాభై వేలో, లక్షో, మీ శక్తి. బంధుత్వం నిలుస్తుంది, గొలుసు పడదు. మూడో దారి, ఆ మిగులు మూడు నాలుగు నెలలు కూడబెట్టి మీ ఇంటి అప్పుకే కట్టడం. మారే వడ్డీ మీద తీసుకున్న ఇంటి రుణం ముందుగా కట్టేస్తే ఇండియాలో పెనాల్టీ వేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. బలమైన ఫ్రాంకుతో రూపాయి అప్పు తీర్చడం ఈ రేట్ల ఆటలో మీకు కలిసొచ్చే ఒకే ఒక్క చోటు. నేనైతే ఉద్యోగం కుదుటపడేదాకా దీని వైపే మొగ్గుతాను, మరిదికి మాత్రం పండక్కి ఏదో ఒకటి పంపుతాను. అత్తగారితో ఈ మాట మీవారే చెప్పాలి, మీరు కాదు. ఆవిడ కొడుకు ఆయన.

ఇప్పుడు కుండీ దగ్గరికి వద్దాం. మీ తేదీలు పక్కపక్కన పెట్టి చూశాను. వారం వారం కోన్‌స్టాంజ్ ప్రయాణం మొదలైంది సెప్టెంబరులో. అంతకుముందు రెండు మూడు నెలలకోసారి సరదాగా వెళ్లేవారమని మీరే రాశారు. కంపెనీలో పని తగ్గించింది ఆగస్టు చివర్లో. ఆయన రసీదులు చూడటం మొదలుపెట్టింది కూడా అప్పుడే. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆయన చేతిలో లేదు, ఫ్రాంకు రేటు ఆయన చేతిలో లేదు. శనివారం సరుకులు మాత్రం ఆయన చేతిలో ఉన్నాయి. పెద్ద టెన్షన్ ఉన్న మనిషి చిన్న లెక్కని గట్టిగా పట్టుకుంటాడు. ఇది ఆయన చేసేదానికి సమర్థన కాదు. మీరు రసీదు దాచుకునే స్థితికి వచ్చారంటే ఇంట్లో ఏదో ముదిరింది. రసీదులు చూడటంతో పాటు బెదిరింపులు, డబ్బు చేతికివ్వకపోవడం, అరవడం లాంటివి కూడా ఉంటే నాకు మళ్లీ రాయండి, అప్పుడు నేను చెప్పే మాట వేరేగా ఉంటుంది. ఉత్తరంలో అలాంటిదేమీ లేదు కనుక ఇలా అంటున్నాను.

ఆయనతో కూర్చున్నప్పుడు బెండకాయలతో మొదలుపెట్టొద్దు. శనివారంతోనూ వద్దు. 'కంపెనీ సంగతి ఏమైంది, ఇది ఎన్నాళ్లు ఉండొచ్చు, ఒకవేళ ఉద్యోగం పోతే మన దగ్గర ఎన్ని నెలలకి ఉంది' అని అడగండి. ఆయన ఒంటరిగా మోస్తున్న ప్రశ్న అదే. దాని తర్వాత ఆ 340, 195 లెక్క మీ అసలు అంకెలతో వేసి చూపించండి, మీరు లెక్కలు వచ్చిన మనిషి. నెలకు ఇంత అని ఇంటి సరుకులకి ఒక మొత్తం అనుకుని, అది ఎక్కడ ఎలా ఖర్చు పెట్టాలన్నది మీ చేతికి ఇవ్వమనండి. ఆ మొత్తంలో ఉన్నంతవరకు బెండకాయలకి రసీదు ఎవరూ అడగకూడదు.

అద్దె ఉత్తరం మాత్రం ఈ వారమే రాయండి. జర్మన్‌లో రాయాలి, పాప సాయం చేస్తుందేమో అడగండి, నాలుగో తరగతి పిల్లలకి మనకన్నా బాగా వస్తుంది.